సముద్రాన్ని ఇంటికి తెచ్చిన నాన్న



వేసవి సెలవుల్లో వైజాగ్ వెళ్లొచ్చిన పిల్లలు జూన్‌లో ఒకే కోరికతో తిరిగొస్తారు. బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని చూసుంటారు, అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంటారు. ఇంటికి రాగానే మనింట్లో కూడా అలాంటిది పెడదామని మొదలుపెడతారు. మామూలు గోల్డ్ ఫిష్ తొట్టి కాదు, ఉప్పునీటి ట్యాంకే కావాలంటారు.

మీలో కొందరికి ఈ కోరిక కొత్తది కాదని మాకు తెలుసు. పెళ్లికి ముందో, మొదటి ఉద్యోగం రోజుల్లోనో మీరూ ఒక ట్యాంకు పెట్టారు. తర్వాత ఇల్లు మారారు, పాప పుట్టింది, ఈఎంఐలు మొదలయ్యాయి, ట్యాంకు లాఫ్ట్ ఎక్కింది. ఇప్పుడు అందులో దీపావళి లైట్లు ఉంటాయి. అది కిందికి దించాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్ల కోసం ఈ నెల కథ. చిన్నప్పుడు సముద్రపు జీవిని గిన్నెలో పెంచి, ఆ తర్వాత పాతికేళ్లు దానికి దూరంగా బతికి, నలభై రెండో ఏట మళ్లీ గాజు పాత్రలో ఉప్పునీళ్లు పోసిన ఒక తండ్రి కథ ఇది. అక్వేరియం అనే మాటను మనం ఇవాళ వాడే అర్థంలో జనం నోటికి అలవాటు చేసింది ఆయనే. పేరు ఫిలిప్ హెన్రీ గాస్.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ పేజీలో ఎక్కువగా గెలిచినవాళ్ల కథలే వేస్తుంటాం. గాస్ గెలిచారు, ఓడిపోయారు కూడా. ఆ ఓటమిలో సగం తండ్రిగా ఓడిపోవడమే. ఆ భాగం వదిలేసి మిగతాది రాస్తే మీకు అరకొర కథే చేరుతుంది.

ఫిలిప్ 1810 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిన్న ముఖచిత్రాలు గీసే చిత్రకారుడు, రాబడి అంతంతమాత్రం. పిల్లవాడు పెరిగింది పూల్ అనే రేవు పట్నంలో. అక్కడ అతనికి దొరికిన అదృష్టం మేనత్త సూసన్ బెల్. ఆమెకు పురుగులు, మొక్కలు, గవ్వలంటే ఇష్టం. ఆమె కొడుకు థామస్ బెల్ తర్వాత పేరున్న జంతుశాస్త్రవేత్త అయ్యాడు. రేవు రాళ్లకు అంటుకుని ఉండే సీ అనిమోన్లను మేనల్లుడికి చూపించి, వాటిని సముద్రపు నీళ్లున్న పాత్రలో వేసి పెంచి చూడమని సలహా ఇచ్చింది కూడా ఆమే. సీ అనిమోన్ చూడటానికి చామంతి పువ్వులా ఉంటుంది. కానీ అది జంతువు, ఆ రేకులే దాని చేతులు. ఏదైనా తగిలితే ముడుచుకుని జిగట ముద్దలా అయిపోతుంది. పిల్లవాడు దాని ముందు గంటల తరబడి కూర్చున్నాడు.

ఆ తర్వాత బతుకుతెరువు పిలిచింది. 1827లో, పదిహేడేళ్లకే, న్యూఫౌండ్‌లాండ్‌లోని కార్బొనియర్ అనే ఊళ్లో ఒక వ్యాపార సంస్థలో గుమాస్తాగా ఓడెక్కాడు. లెక్కల పుస్తకాలు, చేపల బారెళ్లు, చలి. 1832లో మైక్రోస్కోపు గురించిన ఒక పాత పుస్తకం చేతికి దొరికింది. అక్కడి నుంచి పురుగులను వెతకడం, గీయడం, రాసుకోవడం మొదలైంది. 1835లో కెనడాలో పొలం కొని మూడేళ్లు సేద్యం చేసి నష్టపోయారు. 1838లో అమెరికాలోని అలబామాకు వెళ్లి పత్తి తోటల యజమానుల పిల్లలకు పాఠాలు చెప్పారు. అక్కడ బానిసలను కొరడాలతో కొట్టడం కళ్లారా చూసి ఎక్కువ కాలం ఉండలేకపోయారు. 1839లో తిరుగు ఓడలో కూర్చుని కెనడా ప్రకృతి మీద మొదటి పుస్తకం రాశారు, అది 1840లో అచ్చయింది. లండన్ శివార్లలో చిన్న బడి నడిపారు. 1844లో జమైకా వెళ్లి ఏడాదిన్నర పక్షులను సేకరించారు. మొత్తం మీద పురుగులు, పక్షులు, సీతాకోకచిలుకలతో పాతికేళ్లు గడిచాయి. గిన్నెలోని అనిమోన్ మాత్రం పూల్‌లోనే ఉండిపోయింది.

1848లో ఎమిలీ బోస్‌ను పెళ్లి చేసుకున్నారు. 1849 సెప్టెంబర్ 21న కొడుకు ఎడ్మండ్ పుట్టాడు. ఆ రోజు ఆయన డైరీలో రెండు విషయాలు పక్కపక్కన ఉన్నాయి: భార్యకు కొడుకు పుట్టాడని, జమైకా నుంచి ఆకుపచ్చ స్వాలో పక్షి అందిందని. ఆ పేజీ చూసి నవ్వినవాళ్లు ఎందరో ఉన్నారు. మీకు నవ్వు రాకపోతే, ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి పిల్లల పుట్టినరోజు కేక్ కోయించిన రోజు గుర్తొచ్చిందేమో.

పని ఎక్కువై, తలనొప్పులతో మంచాన పడే పరిస్థితి రావడంతో 1852 మొదట్లో గాస్ లండన్ వదిలి డెవన్ తీరానికి కుటుంబాన్ని తీసుకెళ్లారు. కొడుక్కి అప్పటికి రెండేళ్లు. ఆరోగ్యం కోసం వెళ్లినాయన రెండు మూడు వారాలకే మోకాళ్ల లోతు నీళ్లలో సుత్తి, ఉలి పట్టుకుని కనిపించసాగారు. అనిమోన్‌ను రాతి నుంచి పీకితే దాని అడుగు భాగం చిరుగుతుంది. అందుకే అది కూర్చున్న రాయినే చెక్కి, జీవితో సహా ఇంటికి తెచ్చేవారు. పూల్ రేవు కుర్రాడు నలభై రెండేళ్ల వయసులో మళ్లీ గిన్నె ముందు కూర్చున్నాడు.

ఈసారి ఒక ప్రశ్న వెంట పడింది. తీరానికి దూరంగా ఉన్న ఇంట్లో, రోజూ నీళ్లు మార్చకుండా, సముద్రపు జీవులు బతకగలవా? అప్పటికి వాటిని పెంచినవాళ్లు లేకపోలేదు. ఎడిన్‌బరోలో సర్ జాన్ డాలియెల్ 1828లో తెచ్చిన ఒక అనిమోన్‌ను జాడీలో ఉంచి నీళ్లు మారుస్తూ వచ్చారు. అది ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా బతికింది, దానికి జనం నాయనమ్మ అని పేరు పెట్టుకున్నారు. లండన్‌లో అన్నా థిన్ అనే ఆవిడ 1846 నుంచే పగడపు జీవులను పెంచారు. నీటికి గాలి అందడం కోసం పనమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండేది. మీ ట్యాంకు వెనక గుర్రుమనే ఎయిర్ పంపు పని ఆ అమ్మాయి చేతులు చేశాయి. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో మంచినీటి చేపలు, నీటి మొక్కలు, నత్తలు కలిపి పెట్టి, మొక్క ఇచ్చే ఆక్సిజన్ చేపకు, చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ మొక్కకు సరిపోతుందని చూపించారు. గాస్ అదే సూత్రాన్ని సముద్రపు నాచుతో, ఉప్పునీటితో పట్టుకున్నారు. ఏ నాచు, ఎంత వెలుతురు, ఎన్ని జీవులు అన్నది నెలల తరబడి చూసి చూసి తేల్చారు. తనకు ముందు పనిచేసినవాళ్ల పేర్లు దాచలేదు.

1853 మేలో లండన్ జూలో గాజు ట్యాంకులతో చేపల ఇల్లు తెరిచారు. దానికి జీవులను తీరం నుంచి పంపినవారిలో గాస్ ముఖ్యులు. మరుసటి ఏడాది, 1854లో, ఆయన పుస్తకం 'ది అక్వేరియం' వచ్చింది. రంగు బొమ్మలు ఆయన గీసినవే. అంతదాకా ఆక్వా-వివేరియం లాంటి పొడుగాటి పేర్లతో పిలిచేవాళ్లు. చిన్న పేరు పెట్టాలన్న ఆయన మాట నిలిచిపోయింది. గాజు మీద పన్ను 1845లోనే తీసేశారు, రైళ్లు తీరాలకు చేరాయి, మధ్యతరగతి ఇళ్లకు అలంకారం కావాలి. పుస్తకం ఆ ఇళ్లన్నిటిలోకీ వెళ్లింది. కొన్నేళ్ల పాటు హాల్లో అక్వేరియం లేని ఇల్లు ఇల్లే కాదన్నంత మోజు నడిచింది.

ఇక మన బహదూర్‌పల్లి సంగతికి వద్దాం. ఇక్కడి నుంచి సముద్రం రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైమాటే. లండన్‌వాళ్లదీ ఇదే బాధ. తీరం నుంచి పీపాలో నీళ్లు తెప్పించుకుంటే ఖర్చు, పైగా దారిలో పాడయ్యేవి. గాస్ 1854లో చేసిన పని ఇక్కడే మనకు దగ్గరగా వస్తుంది. సముద్రపు నీటిలో ఏమేం ఉన్నాయో రసాయన శాస్త్రవేత్తలు అప్పటికే విడదీసి చెప్పారు. అందులో ముఖ్యమైనవి నాలుగు ఏరుకుని, నాలుగున్నర లీటర్లకు కాస్త తక్కువ నీటిలో సుమారు 100 గ్రాముల వంట ఉప్పు, 7 గ్రాముల ఎప్సమ్ సాల్ట్, 13 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్, రెండున్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలిపారు. వడగట్టారు. కానీ వెంటనే జీవులను వేయలేదు. ముందు పచ్చటి నాచు అంటుకున్న రాళ్లు వేసి, వెలుతురులో ఉంచి, వారం రోజులు ఆగారు. తర్వాతే ఒక్కొక్కటిగా అనిమోన్లు, పురుగులు దిగాయి. అవి బతికాయి. సముద్రం అవసరం లేకుండా సముద్రం తయారైంది.

దయచేసి ఆ లెక్క చూసి వంటింటి ఉప్పు డబ్బా తీయకండి. అందులో కాల్షియం లేదు, ఇంకా చాలా లేవు. ఇప్పుడు అక్వేరియం షాపుల్లో దొరికే మెరైన్ సాల్ట్ మిక్స్ ఆ పనికి వారసురాలు. లీటరుకు సుమారు 35 గ్రాములు, హైడ్రోమీటరులో 1.025 దగ్గర ముల్లు. నీళ్లు ఆర్వో నీళ్లే వాడండి, మన వైపు బోరు నీటి గట్టితనం మీ గీజర్ రాడ్‌ను అడిగితే చెబుతుంది. ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి మట్టం తగ్గితే మంచినీళ్లు పోయాలి. మళ్లీ ఉప్పునీళ్లు పోస్తూ పోతే రెండు నెలల్లో ట్యాంకు చిక్కటి ఊరగాయ అవుతుంది. మేలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది, ట్యాంకులో ఇరవై ఐదు, ఇరవై ఆరు ఉండాలి. పంపుకు ఇన్వర్టర్ లైన్ ఇవ్వాలి. ఈ ఖర్చులన్నీ పిల్లవాడికి మాట ఇవ్వకముందే కూర్చుని లెక్కేసుకోవడం మంచిది.

అన్నిటికన్నా కష్టమైనది గాస్ చేసిన ఆ ఆగడమే. ఇప్పుడు దాన్ని సైక్లింగ్ అంటున్నారు. వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో ట్యాంకులో చూడటానికి ఏమీ ఉండదు. రోజూ టెస్ట్ కిట్‌తో రంగు చూసి పుస్తకంలో రాసుకోవడమే. నేను కాలేజీ రోజుల్లో ఆగలేక మొదటి వారమే చేపలు వేశాను. మంచినీటి ట్యాంకే అది. ఒక్క రాత్రిలో మూడు పోయాయి. మళ్లీ దాని జోలికి వెళ్లడానికి పద్నాలుగేళ్లు పట్టింది. మా ఇంట్లో ఇప్పుడు ఆ రాత పని మా నాలుగో తరగతి అమ్మాయిది. నాకు పని తగ్గుతుందనుకున్నాను, తీరా చూస్తే నేను మర్చిపోయిన రోజు నన్ను నిలదీస్తోంది.

గాస్ జీవితంలో మంచి రోజులు ఎక్కువ కాలం నిలవలేదు. 1856లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. ఎడ్మండ్‌కు ఏడేళ్లు. ఆ దంపతులది చాలా కఠినమైన మతవిశ్వాసం. కొడుకును ఆ దారిలోనే పెంచాలన్నది తల్లి చివరి కోరిక, అది తండ్రికి ప్రమాణం అయింది. ఇంట్లో కథల పుస్తకాలు ఉండేవి కావు, కల్పిత కథ అంటే అబద్ధమేనని ఎమిలీ నమ్మకం. అదే ఏడాది గాస్ 'ఓంఫలోస్' అనే పుస్తకం రాశారు. రాళ్లలో కనిపిస్తున్న కోట్ల ఏళ్ల ఆనవాళ్లకు, తాను నమ్మిన సృష్టి కథకు మధ్య రాజీ కుదర్చాలని చూశారు. ప్రపంచం పుట్టిన క్షణంలోనే పాతదిగా కనిపించేలా పుట్టిందని వాదించారు. శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, మతపెద్దలూ ఒప్పుకోలేదు. పుస్తకాలు అమ్ముడుపోలేదు. భార్య లేదు, పేరు పలచబడింది. ఆయన అప్పటికే, ఆ సెప్టెంబర్‌లో, కొడుకును తీసుకుని డెవన్ తీరంలోని సెయింట్ మేరీచర్చ్‌కు వెళ్లిపోయారు.

తల్లి లేని పిల్లవాడితో ఆ మనిషి ఏం మాట్లాడగలడు? ఆడుకోవడం తెలియదు. కథలు చెప్పడం తప్పు. మిగిలింది సముద్రం ఒక్కటే. కిందనే ఆడికూంబ్ తీరం. పోటు తగ్గిన వేళ ఇద్దరూ రాళ్ల మీదికి దిగేవాళ్లు. నీటి గుంట పక్కన బోర్లా పడుకుని, నాచు పక్కకు జరిపి లోపలికి చూసేవాళ్లు. తెచ్చినవి ఇంట్లో ట్యాంకుల్లోకి వెళ్లేవి. తండ్రి మైక్రోస్కోపు దగ్గర కూర్చుని బ్రిటిష్ సీ అనిమోన్ల మీద పెద్ద పుస్తకం 'ఆక్టినోలోజియా బ్రిటానికా' రాస్తూ, బొమ్మలు గీస్తుంటే, కొడుకు పక్క బల్ల దగ్గర తన పుస్తకం తాను రాసుకునేవాడు. అవును, ఎనిమిదేళ్లకే అతనూ శాస్త్రగ్రంథాలు రాయడం మొదలుపెట్టాడు. అచ్చం నాన్న పుస్తకంలా గళ్లు, పేర్లు, రంగు బొమ్మలు. ఒకటే తేడా. అందులోని జీవులు ఏ సముద్రంలోనూ లేవు. నీలం చుక్కలవి, ఎర్ర చేతులవి సొంతంగా పుట్టించేవాడు.

తండ్రికి అది చూసి కలవరం. పిల్లవాడు వెక్కిరిస్తున్నాడేమో అనిపించేంత దగ్గరగా ఉంది పోలిక. లేనిదాన్ని గీయడం మానేసి, ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయమని నేర్పారు. ఇది మంచి సలహానా? సైన్స్ టీచర్లు అవునంటారు, తెలుగు టీచర్లు కాదంటారు. మా స్టాఫ్ రూమ్‌లో ఈ విషయం మీద ఒక లంచ్ అవర్ మొత్తం పోయింది. ఏమైనా పిల్లవాడి కన్ను పదునెక్కింది. 1859లో రాళ్ల మధ్య ఎడ్మండ్ కంట పడిన ఒక చిన్న అనిమోన్ బ్రిటన్ తీరంలో అంతకుముందు ఎవరూ నమోదు చేయని జాతిదని తేలింది. అతనికి అప్పటికి పదేళ్లు నిండలేదు.

ఆ రాళ్లకే జరిగిన ఇంకో సంగతి ఉంది. గాస్ పుస్తకాలు చదివిన వేలాది జనం సుత్తులు, బకెట్లతో రైలెక్కి తీరాలకు వచ్చారు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని గుంటలను ఖాళీ చేశారు. పట్టుకెళ్లినవాటిలో చాలా భాగం ఇళ్లు చేరేలోపే కుళ్లిపోయాయి. తండ్రీ కొడుకులు మొదట చూసిన ఆ రంగుల గుంటలు కొన్నేళ్లలో బోసిపోయాయి. ప్రేమతో రాసిన పుస్తకమే ఆ పని చేసిందని గాస్‌కు అర్థమయ్యాక చాలా బాధపడ్డారు. ఆపే దారి లేకపోయింది.

మన దేశంలో ఇప్పుడు చట్టం ఉంది. రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూళ్లలో ఉన్నాయి. తీరం నుంచి పగడపు ముక్క తెచ్చి ట్యాంకులో పెట్టినా, ఎవరైనా అమ్మితే కొన్నా నేరమే. పిల్లలు అడిగే ఆ నారింజ చారల క్లౌన్ ఫిష్‌ను మాత్రం సముద్రం నుంచి పట్టనక్కర్లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు వాటిని తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతి రూపొందించారు. షాపులో కొనేటప్పుడు హ్యాచరీలో పెరిగినదా, పట్టి తెచ్చినదా అని అడగండి. ఆ ప్రశ్న మీ పిల్లవాడి చేత అడిగిస్తే ఇంకా మంచిది, షాపువాళ్లు పిల్లలకు తొందరగా నిజం చెబుతారు.

1860లో గాస్ ఎలైజా బ్రైట్‌వెన్‌ను రెండో పెళ్లి చేసుకున్నారు. ఆమె ఎడ్మండ్‌ను ఆప్యాయంగా చూసుకున్నారు. ఇంట్లోకి కవిత్వం, కథలు కాస్త కాస్తగా వచ్చాయి. అక్కడే చీలిక మొదలైంది. కొడుకు పుస్తకాల వైపు, తండ్రి నమ్మకానికి దూరంగా జరుగుతున్నాడు. 1867లో, పదిహేడేళ్లకు, ఎడ్మండ్ లండన్ వెళ్లి బ్రిటిష్ మ్యూజియంలో గుమాస్తాగా చేరాడు. తండ్రి ఓడెక్కిన వయసూ అదే. తేడా ఏమిటంటే ఈ కుర్రాడి వెనకాల ఉత్తరాలు వచ్చేవి. ఏం తింటున్నావు, ఎలా ఉన్నావు అని కాదు. నీ విశ్వాసం ఎలా ఉంది, ప్రార్థనలు సరిగా సాగుతున్నాయా, సందేహాలేమైనా వస్తున్నాయా అని. రోజూ ప్రశ్నలు, రోజూ జవాబులు. ఎడ్మండ్ చాలా కాలం తండ్రికి నచ్చే జవాబులే రాశాడు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒకసారి ఆర్కిడ్ల గాజు గదిలో, ఆ వేడిలో, ఇక దాచలేక తనను తనలా వదిలేయమన్నాడు. తండ్రికి ఆ మాట మింగుడుపడలేదు. సముద్రపు గుంటలో ఏ జీవికి ఎంత వెలుతురు కావాలో, దేని పక్కన దేన్ని పెట్టకూడదో అంత ఓపికగా కనిపెట్టిన మనిషి, ఎదుగుతున్న కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఒకే కొలత పట్టుకుని కూర్చున్నారు. హాస్టల్లో ఉన్న పిల్లలకు సాయంత్రం ఫోన్ చేసే తల్లిదండ్రులు మీలో చాలామంది ఉన్నారు. ఫోన్ ఎత్తగానే మనం మొదట అడిగేది ఏమిటో మనకు తెలుసు.

ఇద్దరి మధ్య రాకపోకలు తెగిపోలేదు. ప్రేమ ఉంది. పాత చనువు మాత్రం తిరిగి రాలేదు. గాస్ చివరి ఏళ్లలో మైక్రోస్కోపు కింద కనిపించే రోటిఫర్ల మీద చార్లెస్ హడ్సన్‌తో కలిసి రెండు సంపుటాల పుస్తకం తెచ్చారు, అది 1886లో వచ్చింది. ఆ తర్వాత నక్షత్రాల మీద ధ్యాస మళ్లింది. చలికాలం రాత్రి తెరిచిన కిటికీ దగ్గర టెలిస్కోపు సవరిస్తూ జలుబు పట్టించుకున్నారు. అక్కడి నుంచి కోలుకోలేదు. 1888 ఆగస్టు 23న, డెబ్బై ఎనిమిదో ఏట, కన్నుమూశారు.

ఎడ్మండ్ గాస్ పేరున్న విమర్శకులయ్యారు. తండ్రి జీవితాన్ని 1890లో గౌరవంగా రాశారు. ఇంకో పదిహేడేళ్లు ఆగి, 1907లో, 'ఫాదర్ అండ్ సన్' అని అసలు కథ రాశారు, మొదట తన పేరు కూడా వేసుకోలేదు. ఆ పుస్తకంలో తండ్రి మీద కోపం ఉంది. కానీ నీటి గుంటల దగ్గరి పేజీలకు వచ్చేసరికి ఆ కోపం కనబడదు.

ఈ కథలో హైదరాబాద్‌కు చెందిన ముక్క ఒకటి మిగిలింది. నిజాం స్కాలర్‌షిప్‌తో 1895లో ఇంగ్లండ్ వెళ్లిన పదహారేళ్ల సరోజినీ చటోపాధ్యాయ, అంటే మన సరోజినీ నాయుడు, తన కవితల కట్ట తీసుకెళ్లి ఎడ్మండ్ గాస్‌కు చూపించింది. వాటి నిండా ఇంగ్లండ్ పిట్టలు, ఇంగ్లండ్ పూలు, ఆమె అంతకుముందు చూడని పల్లెలు. అవన్నీ పక్కన పెట్టి, తాను పుట్టి పెరిగిన నేల మీద కళ్లతో చూసినదాన్ని రాయమని ఆయన సలహా ఇచ్చారు. లేని జీవులను గీసినందుకు ఎనిమిదేళ్ల వయసులో తండ్రి తనకు చెప్పినదీ దాదాపు అదే. సరోజిని ఇంటికొచ్చి అలాగే రాశారు. 1905లో వచ్చిన మొదటి సంపుటి 'ది గోల్డెన్ థ్రెషోల్డ్'ను ఎడ్మండ్ గాస్‌కే అంకితం ఇచ్చారు. ఆ పేరుతోనే ఉన్న ఆమె ఇల్లు ఆబిడ్స్ దగ్గర, నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉంది. బహదూర్‌పల్లి నుంచి ఆదివారం పొద్దున బయలుదేరితే గంటలో చేరతారు.